గొడవ పడండి... పాట గురించే పడండి!

మెటాలికా గొప్పదా, ఐరన్ మెయిడెన్ గొప్పదా? బ్లాక్ సబ్బాత్‌లో ఓజీ పాడిందే అసలా, డియో పాడిందా? సోమందేపల్లి నుంచి ధర్మవరం దాకా రాక్ సంగీతం వినే కుర్రకారుకు ఇవి ప్రాణసమానమైన ప్రశ్నలు. ఈ వాదనలను వేళాకోళంగా కొట్టిపారేయొద్దు. వీటి వెనుక ఒక చరిత్ర ఉంది, ఒక చదువు ఉంది, మన సీమ చేసుకోవాల్సిన పని కూడా ఒకటుంది.

సోమందేపల్లి నుంచి పుట్టపర్తికి బండి మీద గంట దారి. అక్కడ ప్రశాంతిగ్రామంలో గుమ్మటాలతో, పెద్ద పెద్ద తోరణాలతో రాజమందిరంలా కనిపించే సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ఉంది. 1991 నవంబరు 22న అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు దాన్ని ప్రారంభించారు. గుండె ఆపరేషన్‌కు అక్కడ డబ్బు కట్టే పని లేదు. ఆ భవనం లేవడానికి భారీగా విరాళమిచ్చిన భక్తుడి పేరు ఐజాక్ టిగ్రెట్. అమెరికా దేశస్థుడు. ఆయన సంపాదన వచ్చింది చమురు నుంచో, షేర్ల నుంచో కాదు, రాక్ సంగీతం మీద జనానికున్న పిచ్చి ప్రేమ నుంచి.

1971 జూన్ 14న లండన్‌లో టిగ్రెట్, పీటర్ మోర్టన్ అనే మరో అమెరికా కుర్రాడు కలిసి ఒక హోటల్ తెరిచారు. అదే హార్డ్ రాక్ కేఫ్. అక్కడికి తరచూ వచ్చే గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ తాను కూర్చునే చోటుకు గుర్తుగా ఉంటుందని 1979లో తన ఎర్ర ఫెండర్ గిటారు ఒకటి ఇచ్చాడు. దాన్ని గోడకు తగిలించారు. వారం తిరిగేసరికి ‘ది హూ’ బ్యాండ్ గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ నుంచి ఇంకో గిటారు వచ్చింది. దానికి ఒక చీటీ కట్టి ఉంది. నా గిటారు అతని గిటారుకు ఏమాత్రం తీసిపోదన్నది అందులోని సారాంశం. అక్కడి నుంచి మొదలై ఆ గోడల మీదికి వేల వాయిద్యాలు ఎక్కాయి, కేఫ్‌లు దేశదేశాలకు పాకాయి. సత్యసాయిబాబా భక్తుడైన టిగ్రెట్, అందరినీ ప్రేమించాలి, అందరినీ సేవించాలి అన్న బాబా బోధనను తన కేఫ్ గోడల మీద రాయించుకున్నాడు. 1988లో తన వాటా అమ్మేశాడు. ఆ డబ్బులో పెద్ద మొత్తం పుట్టపర్తి ఆసుపత్రికి చేరింది.

‘నేనేం తక్కువ’ అన్న ఇద్దరు గిటారిస్టుల పంతానికీ, మన ఊళ్ళ పేదవాడి గుండె ఆపరేషన్‌కూ మధ్య ఇంత దగ్గర దారి ఉంది. రాక్ మనకు సంబంధం లేని సంగీతమని, దాని గురించి వాదించుకోవడం పనిలేని పని అని అనేవాళ్ళు ముందుగా తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

అంగడి ముందర అసెంబ్లీ

సోమందేపల్లి పెద్ద ఊరేం కాదు. 44వ జాతీయ రహదారి మీద మండల కేంద్రం. ఒకవైపు పెనుకొండ కోట, ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ. ఇంకోవైపు హిందూపురం, దాని చుట్టూ పరిశ్రమలు. ఊళ్ళో పట్టు మగ్గాల చప్పుడు. బెంగళూరు కూడా మరీ దూరమేం కాదు. ఇక్కడ రాక్ వినేవాళ్ళు ఎవరంటే, ఇంజినీరింగ్ చదివే పిల్లలు, కార్ల విడిభాగాల కంపెనీల్లో షిఫ్టు డ్యూటీ చేసేవాళ్ళు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ శనాదివారాలు ఇంటికొచ్చేవాళ్ళు, మగ్గాల ఇళ్ళ పిల్లలు. సంఖ్యలో తక్కువే. పట్టుదలలో మాత్రం ఎక్కువ.

టీ అంగడి ముందర నలుగురు కలిస్తే మాట ఇలా సాగుతుంది.

“మెయిడెన్ ముందర మెటాలికా యాడ నిలబడుతుందప్పా?”

“అట్ల కాదప్పా. ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ హెడ్‌ఫోన్లు పెట్టుకోని సాంతం విను. ఆమీట మాట్లాడు.”

“నేను వినింది నీకన్నా ముందరే. స్టీవ్ హారిస్ బేస్ వాయించినట్ల వాళ్ళల్లో ఎవురన్నా వాయించినారా?”

“క్లిఫ్ బర్టన్ పేరు మర్చిపోయినావా ఏంది?”

ఇక అక్కడి నుంచి క్లిఫ్ బర్టన్ బతికుంటే ఏమయ్యేది అన్న చర్చ. 1986 సెప్టెంబరు 27న స్వీడన్‌లో బస్సు బోల్తాపడి చనిపోయిన ఆ మెటాలికా బేస్ గిటారిస్టు గురించి సోమందేపల్లిలో ఇంత ఆవేదన ఉందంటే చాలామంది నమ్మరు. రాత్రి షిఫ్టుకు పోవాల్సినవాడు టైము చూసుకుని లేస్తాడు. లేస్తూ లేస్తూ మరో మాట విసిరిపోతాడు. మరుసటి రోజు ఆ మాట దగ్గరే మళ్ళీ మొదలు.

ఈ గొడవను కాసేపు నిలబడి విన్నవాళ్ళకు ఒక విషయం అర్థమవుతుంది. వీళ్ళు హీరో ఎవరని వాదించుకోవడం లేదు, మొదటిరోజు వసూళ్ళ గురించి వాదించుకోవడం లేదు. ఏ పాటలో ఏ వాయిద్యం ఏ చోట ఎలా పలికిందని వాదించుకుంటున్నారు. మన చుట్టూ ఉన్న అభిమాన సంఘాల తగాదాలకూ దీనికీ ఉన్న తేడా అదే. చాలా పెద్ద తేడా అది.

మామ పాట తెచ్చాడు, మేనల్లుడు వద్దన్నాడు

పాట కోసం పంతాలు పట్టడం మన ప్రాంతానికి కొత్త కాదు. ఆంధ్ర నాటక పితామహుడిగా పేరుపొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1853లో ధర్మవరంలోనే పుట్టారు. బళ్ళారిలో వకీలుగా స్థిరపడి 1880లలో సరస వినోదినీ సభ పెట్టారు. తెలుగు నాటకంలోకి రాగయుక్తంగా పాడే పద్యాన్ని, పాటను ఆయనే బలంగా తీసుకొచ్చారు. ‘చిత్రనళీయం’, తొలి తెలుగు విషాదాంత నాటకంగా చెప్పే ‘విషాద సారంగధర’ ఆయనవే. అదే బళ్ళారిలో కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ నడిపారు. ఒక ఊళ్ళో రెండు సమాజాలు, ఇద్దరు వకీళ్ళు, రెండు దారులు. ప్రేక్షకులు ఊరకుంటారా?

తర్వాతి కథ ఇంకా బాగుంటుంది. రామకృష్ణమాచార్యుల మేనల్లుడే బళ్ళారి రాఘవ. తాడిపత్రిలో పుట్టిన ఈ మహానటుడు నాటకంలో పద్యాన్ని సాగదీసి రాగాలు తీయడం మీద తిరగబడ్డారు. నటన ముందు, పాట తర్వాత అన్నది ఆయన పక్షం. మామ తెచ్చిన సంగీతాన్ని మేనల్లుడు పక్కకు జరపమన్నాడు. తెలుగు నాటక రంగమంతా దశాబ్దాలపాటు ఈ రెండు పక్షాలుగా చీలి వాదించుకుంది. ఆ వాదన వల్ల నాటకం చెడలేదు, బాగుపడింది. శ్రీకృష్ణుడి వేషంలో షణ్ముఖి ఆంజనేయరాజు గానానికి ముగ్ధులైనవాళ్ళూ ఉన్నారు, మాట విరుపులో అర్థం పలికించే పీసపాటి నరసింహమూర్తికి జైకొట్టినవాళ్ళూ ఉన్నారు. ‘వన్స్ మోర్’ అని ఒక వరుసలోంచి కేక లేస్తే, ‘కానీయండి, కథ నడవనీయండి’ అని వెనక వరుసలోంచి ఇంకో కేక. హార్మోనియం ముందు కూర్చుని తెల్లవార్లూ పద్యాలు విన్న తాతలకు, హెడ్‌ఫోన్లలో రాత్రంతా సోలోలు వింటున్న మనవళ్ళకు మధ్య అభిరుచిలో దూరం ఉండొచ్చు. శ్రద్ధలో మాత్రం లేదు.

రేకుల ఫ్యాక్టరీలో తెగిన వేళ్ళు

హెవీ మెటల్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే పెనుకొండ, హిందూపురం కార్మికుడికి అది పరాయిదనిపించదు.

ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీల ఊరు. 1965లో టోనీ అయోమీ అనే 17 ఏళ్ళ కుర్రాడు అక్కడ ఒక ఇనుప రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. సంగీతం కోసం ఉద్యోగం మానేయాలనుకున్నాడు. ఆఖరి రోజున మిషను కింద కుడిచేతి రెండు వేళ్ళ కొనలు తెగిపోయాయి. అతను ఎడమచేతి వాటం మనిషి. కుడిచేతి వేళ్ళతోనే తీగలు నొక్కాలి. ఇక గిటారు వదిలేయమన్నారు చాలామంది. ఫ్యాక్టరీలో అతని పై అధికారి మాత్రం ఒక రికార్డు తెచ్చి వినిపించాడు. మంటల్లో చెయ్యి కాలి, రెండే వేళ్ళతో సోలోలు వాయించిన జాంగో రైన్‌హార్ట్ రికార్డు అది.

అయోమీ ఇంటికెళ్ళి గిన్నెలు తోమే లిక్విడ్ ప్లాస్టిక్ సీసాను కరిగించి, వేలికొనలకు సరిపోయేలా తొడుగులు చేసుకున్నాడు. వాటి మీద పాత తోలు జాకెట్ ముక్క అంటించాడు, తీగ జారకుండా. మామూలు తీగలు నొక్కితే నొప్పి. అందుకని సన్న తీగలు వేశాడు. తర్వాత తీగల బిగువు తగ్గించి శ్రుతి కిందికి దించాడు. అలా దించిన గిటారు నుంచి బరువైన, చీకటిలాంటి ధ్వని వచ్చింది. అంతకుముందే, 1970 ఫిబ్రవరి 13న, అతని బ్యాండ్ ‘బ్లాక్ సబ్బాత్’ మొదటి ఆల్బమ్ విడుదలైంది. ప్రపంచంలో ఇవాళ వందల బ్యాండ్లు వాయించే హెవీ మెటల్‌కు తొలి అడుగు అదేనని చెబుతారు. ఒక కార్మికుడి గాయం ఒక సంగీత శాఖకు శ్రుతి పెట్టింది.

ఎర్రమంచి కియా ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందం కుదిరి, 2019లో అది కార్లు బయటికి పంపడం మొదలుపెట్టింది. అప్పట్లో ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. అక్కడి ప్రెస్ షాపులో ఉక్కు రేకులు కారు తలుపులుగా, బానెట్లుగా మారుతున్నాయి. ఆ ధ్వని రోజూ చెవిన పడే కుర్రాడికి బర్మింగ్‌హామ్ గిటారు ఎందుకు నచ్చిందని అడగాల్సిన పనిలేదు. అతను ఇంగ్లీషు మోజులో పడలేదు. తన పనిదినపు చప్పుడును ఆ పాటలో గుర్తుపట్టాడు.

ఇంకొక్క మాట. మన అనంతపురం సీమకు ప్రత్యేకమైన ఉరుముల వాయిద్యాన్ని దగ్గరగా విన్నారా? ఒక పక్క పుల్లతో కొడుతుంటే, ఇంకో పక్క చర్మం మీద వంపు పుల్లతో రుద్దుతారు. ఆ రుద్దుడుకు గుండెలదిరే మూలుగు పుడుతుంది. జాతరలో ఆ ధ్వని పక్కన నిలబడి పెరిగినవాడికి, డిస్టార్షన్ గిటారు వినగానే ఒళ్ళు గగుర్పొడవడంలో వింతేముంది?

వాళ్ళు తగువులాడేది వీటి గురించే

ఈ అభిమానుల తగువులు బయటివాళ్ళకు చిన్నవిగా కనిపిస్తాయి. లోపలికెళ్తే ఒక్కొక్కటీ ఒక పాఠం.

1988లో వచ్చిన మెటాలికా ఆల్బమ్ ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’ తీసుకుందాం. క్లిఫ్ బర్టన్ పోయాక అతని స్థానంలో వచ్చిన జేసన్ న్యూస్టెడ్ వాయించిన బేస్ గిటారు అందులో దాదాపు వినపడదు. కొత్తవాడిని కావాలనే తొక్కేశారని కొందరు అంటారు. బేస్‌ను తగ్గించమని బ్యాండ్‌లోని వాళ్ళే చెప్పారని మిక్సింగ్ చేసినవాళ్ళు తర్వాత ఇంటర్వ్యూల్లో వెల్లడించారు. ఆ ఎండు ధ్వనే ఆ ఆల్బమ్‌కు అందమని ఇంకొందరి వాదన. ఊరుకోని అభిమానులు బేస్‌ను పెంచి సొంతంగా మిక్సులు తయారుచేసి పంచుకున్నారు కూడా. ఇందులో సోమందేపల్లి కుర్రాడికి ఒరిగిందేమిటి? పాటలో బేస్ గిటారు చేసే పనేమిటో తెలిసింది. అది లేకపోతే డ్రమ్ముకూ గిటారుకూ మధ్య ఎలాంటి ఖాళీ ఏర్పడుతుందో చెవికి తెలిసింది. సంగీత కళాశాల గడప తొక్కకుండానే మిక్సింగ్ అంటే ఏమిటో నేర్చుకున్నాడు.

ఇంకో పాత తగువు బ్లాక్ సబ్బాత్‌ది. 1979లో గాయకుడు ఓజీ ఆస్‌బర్న్‌ను బ్యాండ్ నుంచి తీసేశారు. అతని చోటులోకి రోనీ జేమ్స్ డియో వచ్చాడు. 1980లో ‘హెవెన్ అండ్ హెల్’ వచ్చింది. ఓజీ గొంతులో భయం ఉంటుంది, బాధ ఉంటుంది. డియో గొంతులో శిక్షణ ఉంటుంది, ఠీవి ఉంటుంది. ఏది సబ్బాత్? నలభై అయిదేళ్ళుగా తేలలేదు. 2025 జూలై 5న ఓజీ తన సొంత ఊరు బర్మింగ్‌హామ్‌లో, విల్లా పార్క్ మైదానంలో కుర్చీలో కూర్చునే ఆఖరి కచేరీ చేశాడు. జూలై 22న కన్నుమూశాడు. ఆ రోజు డియో పక్షం వాళ్ళూ కన్నీళ్ళు పెట్టుకున్నారు. పక్షం వేరైనా ప్రేమ ఒకటేనని చెప్పడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

అభిమాని కోపం కళాకారుడికి మేలు చేసిన సందర్భాలు ఉన్నాయి. చేయనివీ ఉన్నాయి. జానపద గాయకుడిగా పేరు తెచ్చుకున్న బాబ్ డిలన్ 1965 జూలై 25న న్యూపోర్ట్ ఉత్సవంలో ఎలక్ట్రిక్ గిటారు పట్టుకుని వేదికెక్కితే జనంలోంచి ఈలలు, అరుపులు లేచాయి. 1966 మే 17న మాంచెస్టర్‌లో ఒక శ్రోత ఏకంగా ‘జూడాస్’ అని అరిచాడు. నమ్మకద్రోహి అని తిట్టడమన్నమాట. డిలన్ వెనక్కి తగ్గలేదు, ఇంకా గట్టిగా వాయించమని తన బృందానికి చెప్పాడు. ఆ శ్రోత పొరపడ్డాడని కాలం తేల్చింది. కానీ పాట తన సొంతమనుకున్నవాడే అలా అరుస్తాడు. డబ్బులిచ్చి టికెట్టు కొని, నచ్చకపోతే నోరు విప్పే శ్రోత ఉన్నచోటే సంగీతం చలనంలో ఉంటుంది.

మేఖ్రీ సర్కిల్ దాకా ఒకటే రోడ్డు

సోమందేపల్లి దగ్గర హైవే ఎక్కితే కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి, దేవనహళ్ళి, హెబ్బాళ్, మేఖ్రీ సర్కిల్. అక్కడే ప్యాలెస్ గ్రౌండ్స్. దక్షిణ భారతంలో రాక్ అభిమానులకు ఆ మైదానం తీర్థస్థలం. 2002లో పింక్ ఫ్లాయిడ్ వ్యవస్థాపకుల్లో ఒకడైన రోజర్ వాటర్స్, 2003 ఏప్రిల్‌లో రోలింగ్ స్టోన్స్, 2007 మార్చి 17న ఐరన్ మెయిడెన్, 2008లో మెగాడెత్, 2010లో ల్యాంబ్ ఆఫ్ గాడ్, 2011 అక్టోబరు 30న మెటాలికా అక్కడే వాయించాయి. ఐరన్ మెయిడెన్ వచ్చిన రోజు వేలమంది నల్ల టీషర్టులతో ఆ రోడ్డంతా నిండిపోయారు. హిందూపురం, అనంతపురం నుంచి బస్సుల్లో, రైళ్ళలో వెళ్ళినవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. తెలుగు, కన్నడం రెండూ ఇంటి భాషలే అయిన ఈ సరిహద్దు పిల్లలకు బెంగళూరు పరాయి ఊరెప్పుడూ కాదు.

మెటాలికా రాక ఇంకో పాఠం కూడా నేర్పింది. బెంగళూరు కచేరీకి రెండు రోజుల ముందు, అక్టోబరు 28న గుర్‌గావ్‌లో కచేరీ జరగాలి. వేదిక ముందు బారికేడ్ల దగ్గర భద్రత సమస్య వచ్చి కార్యక్రమం రద్దయింది. ఆగ్రహించిన జనం వేదిక ఎక్కి సామాను ధ్వంసం చేశారు. రెండు రోజుల తర్వాత బెంగళూరులో అదే బ్యాండ్, అదే అభిమానం, కచేరీ ఏ గొడవా లేకుండా ముగిసింది. మాటతో చేసే గొడవ ఎంత మంచిదో, చేత్తో చేసే గొడవ ఎంత చెడ్డదో ఈ రెండు రాత్రులూ పక్కపక్కన చూపించాయి. ఆగ్రహం ఎంత న్యాయమైనదైనా, వాయిద్యాన్ని పగలగొట్టిన చేతులను సంగీతాభిమాని చేతులనలేం.

తెలుగులో రాక్ ఉందా?

ఈ ప్రశ్న పడిందంటే తెల్లవారే దాకా తెమలదు. ఉందనేవాళ్ళు మొదట చెప్పే పేరు రమణ గోగుల. 1990లలో ‘ఆయే లైలా’ ఆల్బమ్‌తో వచ్చి, ‘తమ్ముడు’ (1999), ‘బద్రి’ (2000) సినిమాల్లో గిటారును పాటకు వెన్నెముకగా నిలబెట్టిన సంగీత దర్శకుడు. ఆ బొంగురు గొంతు, ఆ రిఫ్‌లు అప్పటి కాలేజీ హాస్టళ్ళను ఊపేశాయి. పాతికేళ్ళ తర్వాత ‘సంక్రాంతికి వస్తున్నాం’ సినిమాలో ఆయన గొంతు మళ్ళీ వినపడితే పాత అభిమానులు ఇంటిమనిషి తిరిగొచ్చినంత సంబరపడ్డారు. హైదరాబాదు నుంచి వచ్చిన చౌరస్తా బ్యాండ్ పేరు రెండోది. ‘మాయ’ పాటతో జానపద యాసను, రెగే నడకను కలిపింది. అది రాక్ కాదు, రెగే అని ఒకడు. బ్యాండ్ కట్టి, సినిమా అండ లేకుండా సొంత పాట పాడితే చాలు అదే రాక్ అని ఇంకొకడు. హైదరాబాదు, బెంగళూరు కుర్రాళ్ళ డెత్ మెటల్ బ్యాండ్ గాడ్‌లెస్ గురించి చెబితే, బాగుంది కానీ పాట ఇంగ్లీషులో కదా అని మూడోవాడి అభ్యంతరం.

అన్నిటికంటే వేడిగా సాగే వాదన బెంగళూరు బ్యాండ్ అగం గురించి. హరీశ్ శివరామకృష్ణన్ గాయకుడిగా ఉన్న ఈ బృందం కర్ణాటక సంగీతాన్ని రాక్‌తో కలుపుతుంది. త్యాగరాజ కీర్తనలను డ్రమ్ములు, ఎలక్ట్రిక్ గిటార్లతో పాడుతుంది. భక్తితో చేసిన కీర్తనకు ఈ హోరు తగదని సంప్రదాయ శ్రోతల మాట. కీర్తన పేరే వినని పిల్లలు ఈ దారిన త్యాగరాజు దగ్గరికి చేరుతున్నారని అవతలి పక్షం మాట. నేను రెండో పక్షం. ప్రపంచంలో రాక్ వేదిక మీద తెలుగు మాట గట్టిగా వినపడుతోందంటే దానికి పెద్ద కారణం రెండు వందల ఏళ్ళ కిందటి తిరువయ్యారు వాగ్గేయకారుడు. మన అనంతపురం సీమలోని రాళ్ళపల్లిలో పుట్టిన అనంతకృష్ణశర్మ అన్నమయ్య పదాలకు రాగాలు కట్టకపోతే అవి మన నోళ్ళలో ఇంతగా ఆడేవా? పాత సాహిత్యానికి కొత్త బాణీ కట్టడం అపచారం కాదు. అది బతికించే పని.

అయితే తెలుగులో రాక్ లేదనేవాళ్ళ మాటలోనూ ఒక నిజం ఉంది. మిగతా భాషల్లో బ్యాండ్లు తమ కాలపు మాటతో తమ పాట రాసుకున్నాయి. కలకత్తాలో 1975లోనే మొహీనేర్ ఘోడాగులి బెంగాలీలో మొదలుపెట్టింది. కేరళలో అవియల్ 2008లో మలయాళంలో ఆల్బమ్ తెచ్చింది. కన్నడంలో రఘు దీక్షిత్ శిశునాళ షరీఫ్ తత్వాలను కొత్త తరానికి వినిపించాడు. మనకు వేమన ఉన్నాడు, తత్వాలున్నాయి, కరువు మీద కట్టిన సీమ పాటలున్నాయి, వలస పోయిన తల్లిదండ్రుల కోసం ఎదురుచూసే పిల్లల బాధ ఉంది. ఆ బాధను సీమ యాసలో, సొంత గిటారు మీద పాడే బ్యాండు ఒకటి ఇక్కడి నుంచి లేవాలి. అది లేచేదాకా ‘తెలుగులో రాక్ ఉందా’ అన్న ప్రశ్నకు మన జవాబు సగమే.

హద్దు ఎక్కడ?

వాదనకు అందం ఉన్నట్టే హద్దూ ఉంది. ఈ మధ్య రాక్ అభిమానుల మధ్య ఒక చెడ్డ అలవాటు ముదురుతోంది. కొత్తగా వినడం మొదలుపెట్టినవాడిని పరీక్షకు కూర్చోబెట్టడం. ‘ఈ బ్యాండ్ టీషర్ట్ వేసుకున్నావు కదా, మూడు పాటల పేర్లు చెప్పు’ అని నిలదీయడం. చెప్పలేకపోతే ‘పోజర్’ అని ముద్ర వేయడం. ఆడపిల్లల విషయంలో ఇది మరీ ఎక్కువ. మెటల్ వినే అమ్మాయి కనిపిస్తే, ఏ అబ్బాయి నేర్పాడమ్మా అని అడిగేవాళ్ళున్నారు. ఇది సంగీత ప్రేమ కాదు. కంచె వేసుకుని లోపల కూర్చోవడం. ఎవరైనా ఏదో ఒక పాటతోనే మొదలుపెడతారు. పన్నెండో ఏట విన్నవాడు గొప్పా కాదు, ఇరవై ఆరో ఏట విన్నవాడు తక్కువా కాదు.

బ్యాండ్ గురించి మొదలైన మాట మనిషి కులం మీదికి, ఊరి మీదికి, ఇంగ్లీషు ఉచ్చారణ మీదికి మళ్ళిన క్షణాన అక్కడి నుంచి లేచి రావడం మేలు. ‘మీ డ్రమ్మర్‌కు తాళం నిలవదు’ అనొచ్చు. ‘నీకేం తెలుసురా పల్లెటూరోడా’ అనకూడదు. మొదటి మాటకు జవాబుగా అవతలివాడు పాట తెచ్చి వినిపిస్తాడు. రెండో మాటకు జవాబుగా మనిషి దూరమవుతాడు.

మంచి తగువుకు పెద్ద గుర్తు ఒకటుంది. అది ముగిశాక ఇద్దరూ కొత్త పాట ఒకటి విని ఉంటారు. డియోను తిట్టడానికి పూనుకున్నవాడు కూడా తిట్టడానికైనా ‘హెవెన్ అండ్ హెల్’ మొత్తం వినాల్సిందే. వినీ వినీ మనసు మార్చుకున్నవాళ్ళు బోలెడంతమంది.

ఇక చేయాల్సిన పని

శ్రోతలున్నారు, శ్రద్ధ ఉంది, వాదన ఉంది. లేనిది వేదిక. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మధ్య నలుగురు కుర్రాళ్ళు బ్యాండ్ కడితే సాధన చేసుకోవడానికి చోటు లేదు. డ్రమ్ము మోగితే ఇరుగుపొరుగు ఫిర్యాదు. వినిపించాలంటే బెంగళూరే పోవాలి. కళాశాల వార్షికోత్సవాల్లో సినిమా పాటల రికార్డింగ్ డ్యాన్సులకు గంటలు కేటాయిస్తారు. సొంత పాట పాడతామని వచ్చిన పిల్లలకు పది నిమిషాలు దొరకవు.

ఇది తీర్చలేని కొరత కాదు. కళాశాలల యాజమాన్యాలకు ఒక విన్నపం. ఏడాదికి ఒక్క సాయంత్రం సొంత పాటలకు మాత్రమే ఇవ్వండి. పాత స్టోర్ రూమ్ ఒకటి ఖాళీ చేసి, గోడలకు గోనెపట్టాలు కట్టించి, వారానికి రెండు రోజులు సాధనకు తాళం చేతికివ్వండి. ఇక్కడ పరిశ్రమలు నడుపుతున్న కంపెనీలకూ ఇదే మాట. మీ కార్మికుల్లో వాయించేవాళ్ళున్నారు, క్రికెట్ పోటీలు పెట్టినట్టే వాళ్ళకు ఒక వేదిక పెట్టండి. లేపాక్షి ఉత్సవాల్లాంటి ప్రభుత్వ వేడుకల్లో ఉరుముల కళాకారులను, గిటారు పట్టిన కుర్రాళ్ళను ఒకే వేదిక మీద కలిపి నిలబెట్టండి. ఏం పుడుతుందో చూద్దాం.

పిల్లలకు చెప్పాల్సింది ఒక్కటే. గొడవ మానకండి. మెటాలికా, మెయిడెన్ తగువు ఎన్ని తరాలైనా తెగదు, తెగనక్కర్లేదు కూడా. కానీ వాదించే సమయంలో సగమైనా వాయించడానికి ఇవ్వండి. రేపు ఇంకెవరో టీ అంగడి ముందర కూర్చుని మీ బ్యాండ్ గురించి ఇలాగే తగువులాడుకోవాలి. ఆ తగువుకు అవసరమైన మొదటి పాట రాయాల్సింది మీరే.